ప్రత్తిచేనికి గట్టు గలదు, పురుగునకు లేదు

హైదరాబాదులోని మలక్‌పేట గంజి మన సభ్యులకు క్రొత్త కాదు. ఆరవ నిజామగు మహబూబ్ అలీఖాన్‌గారి మహబూబ్ మాన్షను పేరుతో ప్రసిద్ధమైన ఆ మార్కెట్టునకు ఎండుమిరపకాయలో ఉల్లిగడ్డలో వేసికొనిపోయి, కాటా ఎప్పుడగునా యని కనిపెట్టుకొని కూర్చుండుట మనలో పెక్కురకు అనుభవమే. అచ్చటికి మిరప తెచ్చు రైతులలో అనేకులు ప్రత్తిని గూడ పండింతురు. ఈ రెండు పైరులకును కొన్ని పురుగులు ఉమ్మడి శత్రువులు. కావున అచ్చట ధరవరల ముచ్చట ముగిసినపిమ్మట పురుగుల ముచ్చట తప్పక వచ్చును.

ఇటీవల అచ్చటనే యొక పెద్దమనిషి, కాటా ఆలస్యమగుటచే మాతో మాటలాడుచు, తువాలు కొంగున ముడివేసి తెచ్చిన ప్రత్తికాయలు రెండు చూపిరి. పైకి అవి పచ్చగను, నున్నగను, వంకబెట్ట వీలులేకుండను ఉండెను. చాకుతో చీల్చి చూడగా లోపల గింజ డొల్లయై, దూది పసుపువన్నెకు తిరిగి, ఆ నడుమ గులాబిరంగు పురుగు కదలుచుండెను. “అయ్యా, నాలుగు పర్యాయములు మందు కొట్టితిని. మందుల అప్పు వేరుగా నున్నది. ఇక ఏ మందు కొట్టుమందురు?” అని ఆయన అడిగిరి.

ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరముగా ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. ఒక్కమాటలో చెప్పవలయునన్న, ఈ పురుగు విషయమున అడుగవలసినది “ఏ మందు?” అని కాదు, “ఎందరము కలిసి?” అని. ఇది ఏల ఇట్లయినదో, కలిసి చేయవలసిన పని యేమియో క్రమముగా విన్నవించెదము.

పురుగు నడవడి

గులాబిరంగు పురుగు మనకు పరాయిది కాదు. 1840-50 నడుమ శాస్త్రజ్ఞులు దీనిని మొదట వర్ణించి పేరుపెట్టినది మనదేశమందలి భరోచి ప్రాంతపు ప్రత్తిలో దొరకిన పురుగును జూచియే. దీని తల్లి చిన్న బూడిదవన్నె రెక్కల పురుగు. పగలు నేల నెఱ్ఱెలలోను ఆకుల మఱుగునను దాగియుండి, రాత్రి తిరుగును. అది మొగ్గలమీదను లేతకాయల తొడిమలకడను నూటికి పైగా గ్రుడ్లు పెట్టును. నాలుగైదు దినములలో గ్రుడ్డు పగిలి సన్నని తెల్లపురుగు బయలుదేరి, ఆలస్యము చేయక మొగ్గలోనికో కాయలోనికో తొలుచుకొనిపోవును. అది ప్రవేశించిన రంధ్రము పూడిపోవును. ఇదియే దీని మాయ. కాయ పైకి ఆరోగ్యముగానే కన్పట్టును. లోపల గింజ పోవుచుండును.

పూవులో జొచ్చిన పురుగు ఆకర్షణపత్రములను దారములతో బంధించుటచే పూవు విచ్చుకొనక ముడుచుకొని గులాబి మొగ్గవలె నుండును. వీనినే మన రైతులు గుడ్డిపూలందురు. చేనిలో గుడ్డిపూలు కనబడుట పురుగు పంపిన మొదటి జాబని తెలియవలెను. సుమారు రెండు వారములు తిని, ముదిరి గులాబివన్నె పొందినపిమ్మట, కాయకు గుండ్రని రంధ్రము చేసికొని నేలకు దిగి, మంటిలో నిద్రావస్థ బొందును. వారము పదిదినములలో మరల రెక్కల పురుగగును. గ్రుడ్డునుండి గ్రుడ్డువఱకు ఇంచుమించు ఒక మాసము. కావున చేనిలో ప్రత్తి ఎన్ని మాసములున్న అన్ని తరములు పెరుగును.

ఇంతవఱకు చెప్పినది దాని బలము. ఇక దాని బలహీనత రెండు విషయములలో నున్నది. మొదటిది, ఇది ముఖ్యముగా ప్రత్తిమీదనే జీవించును. బెండ, తుత్తురుబెండ మొదలగు ప్రత్తిజాతి మొక్కలు కొన్నిటిపై గూడ కానవచ్చునుగాని, శనగపచ్చ పురుగువలె కందియు, శనగయు, మిరపయు, టమాటయు అన్నిటిని తినునది గాదు. రెండవది, పంట చివర చలికాలమున పుట్టిన పురుగులలో కొన్ని వెంటనే రెక్కల పురుగులుగా మారక, రెండు గింజలను దారముతో కలిపి కుట్టుకొని ఆ నడుమ మాసములకొలది నిద్రించును. విడిచిన ఎండుకాయలు, ఇంటిముందు వేసిన ప్రత్తికట్టె మోపులు, జిన్నింగుమిల్లు ఆవరణలోని గింజలు, నేల నెఱ్ఱెలు: ఇవియే దాని పడకటిండ్లు. ఈ పడకటిండ్లను మనము తీసివైచి, నాలుగైదు మాసములు ఊరిలో పచ్చని ప్రత్తి లేకుండ చేసినచో, నిద్రనుండి లేచిన తల్లిపురుగులకు గ్రుడ్లుపెట్టు తావు దొరకక వాని సంతతి అంతరించును. ఈ యొక్క విషయము మనస్సున నుంచుకొనుడు; తక్కిన వ్యాసమంతయు దీని విస్తరణమే.

మందు బలమును, దాని అంతమును

మన ప్రాంతమున ప్రత్తికి మందు చల్లుట విశేషముగా పెరిగినది 1980 తరువాతనే. సింథటిక్ పైరిత్రాయిడ్లను క్రొత్త మందులు వచ్చినప్పుడు ఒక్కసారి చల్లిన శనగపచ్చ పురుగు కుప్పగా రాలెను. రైతు సంతోషించి మరల చల్లెను, పిదప వారమున కొకసారి చల్లెను. మందునకు చచ్చిన పురుగులు చావగా, చావనివి నిలిచి సంతతిని పెంచుకొనెను. అంతేకాదు, పురుగును తినెడి అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు, సాలీడు మొదలగు మిత్రులు ముందుగ నశించినవి. కాపలాదారులు పోయిన ఇంటికి దొంగలు వచ్చినట్లు తెల్లదోమ విజృంభించెను. 1987-88 పంటకాలమున గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిరైతులు తెల్లదోమచేతను శనగపచ్చ పురుగుచేతను నష్టపడి, అప్పుల పాలై, కొందరు ప్రాణములనే తీసికొనిరి. పైరిత్రాయిడ్లకు ఆ పురుగు లొంగుట మానినదని శాస్త్రజ్ఞులు గుర్తించిన కాలమును అదియే.

పదేండ్లు గడచునప్పటికి అదే కథ వరంగల్లు జిల్లాకు వచ్చెను. 1997-98లో వర్షము కాలము తప్పి కురిసి, పొగాకు లద్దెపురుగు ప్రత్తిపై మిడుతదండువలె వ్రాలెను. మందులు పనిచేయలేదు. ఆ మందులు అప్పునకు ఇచ్చినవారును, పంట కొనువారును అనేకచోట్ల ఒక్కరే యగుటచే, రైతునకు బేరమాడు దారియు మిగులలేదు. ఆ యేట పురుగును చంపలేని మందు రైతు ప్రాణమునే తీసినది. వరంగల్లు పరిసరముల అట్లు పోయిన కుటుంబయజమానుల సంఖ్య వందలలో చెప్పబడినది. ఆ కుటుంబములను మన సభ్యులలో కొందరు ఎరుగుదురు. కావున ఆ విషయమును ఇంతకంటె పెంచము.

మందువలన ప్రమాదము అప్పులలోనే యుండునని తలపరాదు. 2017లో మహారాష్ట్రములోని యవత్‌మాల్ జిల్లాలో ప్రత్తిచేలకు మందు చల్లుచు ఆ విషమును పీల్చి ఇరువదిమందివఱకు రైతులును కూలీలును మరణించిరి. ఆ యేడును అచ్చటి ప్రత్తిని పీడించిన వానిలో మన గులాబిరంగు పురుగు ముఖ్యము.

విత్తనములోని మందు

ఈ బాధలకు పరిష్కారమని 2002 మార్చి మాసమున బీటీ ప్రత్తి విత్తనమునకు మనదేశమున అనుమతి లభించెను. మంటిలో నుండు ఒక సూక్ష్మజీవియొక్క గుణమును ప్రత్తిలో జొప్పించుటచే, ఆ మొక్కను కొరికిన కాయతొలుచు పురుగులు చచ్చుట దీని రహస్యము. 2006లో రెండు గుణములు గల రెండవ తరము విత్తనము వచ్చెను. న్యాయముగ చెప్పవలసినచో, శనగపచ్చ పురుగు బాధ దీనివలన చాల తగ్గెను. దానికొఱకు చల్లు మందులును కొన్నియేండ్లు తగ్గెను. పదేండ్లలోపల దేశమందలి ప్రత్తిభూమిలో నూటికి తొంబది పాళ్ళవఱకు ఈ విత్తనమే ఆక్రమించెను.

కాని గులాబిరంగు పురుగు మఱొక దారి కనిపెట్టెను. 2010 మార్చిలో గుజరాతులోని అమ్రేలి, భావనగరము, జునాగఢ్, రాజ్‌కోట జిల్లాలలో మొదటి తరము బీటీకి ఇది లొంగుట లేదని విత్తనసంస్థయే ప్రకటించెను. 2014-15 నాటికి గుజరాతులో రెండవ తరమునకును లొంగకపోయెను. కొలదికాలములో తెలంగాణాంధ్ర జిల్లాలందును ఇదే యనుభవమయ్యెను.

ఇందుకు కారణములు మూడు చెప్పవచ్చును. ఒకటి, విత్తనపు సంచితో కూడ ఇచ్చిన చిన్న పొట్లమును మనము పారవైచుట. 450 గ్రాముల బీటీ విత్తనముతోబాటు 120 గ్రాముల సాధారణ విత్తనమును ఇచ్చి, చేని చుట్టు ఐదు సాళ్లు విత్తుడని చెప్పిరి. ఆ సాళ్ళలో పెరిగిన మెత్తని పురుగులు, బీటీ చేనిలో మిగిలిన మొండిపురుగులతో జతగూడి, వాని మొండితనమును పలుచన చేయునని దాని యుద్దేశము. “పురుగు తిను విత్తనము నాకేల?” యని మనలో హెచ్చుమంది దానిని విత్తలేదు. రెండు, మన విత్తనము సంకరవిత్తనము. దాని కాయలోని గింజలన్నియు విషగుణమును సమముగ గలిగియుండవు. కొన్నిట పూర్తిగ, కొన్నిట కొంతగ, కొన్నిట లేకయే యుండును. గింజను తినెడి పురుగునకు ఇది పాఠశాలవలె నయ్యెను; కొద్దికొద్దిగా విషమును మరిగెను. మూడు, సంకరప్రత్తిని ఆరేడు మాసములకు పైగా చేనిలో నుంచి, మూడవ, నాలుగవ యేరులకొఱకు ఫిబ్రవరి, మార్చి వఱకును సాగదీయుట. పురుగునకు మనమే తరములను పెంచితిమి.

గమనింపుడు: ఈ మూడింటిలో రెండు ఒక్క రైతు చేతిలో నున్నవి కావు, ఊరివారందరి చేతిలో నున్నవి.

పునుకుల గ్రామము చూపిన దారి

మందు లేకున్న ప్రత్తి లేదను మాట అబద్ధమని మన ప్రాంతపు గ్రామమే నిరూపించినది. అప్పటి ఖమ్మము జిల్లా, పాల్వంచ మండలమున పునుకుల యనునొక పల్లె గలదు. ప్రత్తికి మందులు చల్లి చల్లి అప్పులలో మునిగిన ఆ గ్రామస్థులు, 1999 ప్రాంతమున సెక్యూర్ అను స్థానిక స్వచ్ఛందసంస్థ చెప్పిన మందులు లేని పద్ధతిని మొదట కొందఱే చేపట్టిరి. ఇరుగుపొరుగువారు నవ్విరి. పంటకాలము ముగియునప్పటికి దిగుబడి తగ్గలేదు, ఖర్చు తగ్గెను, నవ్వు ఆగిపోయెను. మహిళాసంఘముల వారు పట్టుబట్టి ప్రతి యింటికిని దీనిని చేర్చిరి. 2004 నాటికి ఆ గ్రామము పురుగుమందులు లేని గ్రామముగా తన్నుతాను ప్రకటించుకొనెను. పిదప వరంగల్లు జిల్లాలో నుండిన ఏనెబావి యను చిన్నపల్లె ఇంకొక యడుగు ముందుకు వైచి, 2006లో ఎరువులను గూడ విడిచి పూర్తిగ సేంద్రియగ్రామమయ్యెను. హైదరాబాదులోని సుస్థిర వ్యవసాయ కేంద్రమువారు ఈ పద్ధతులను పరిశీలించి వ్యాపింపజేసిరి. నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వమును 2004-05 నుండి మహిళాసంఘముల మూలమున వీనిని వేలకొలది గ్రామములకు గొనిపోయెను.

వారు చేసినదేమి? అద్భుతమేమియు లేదు. వేసవిలో లోతుదుక్కి దున్ని, మంటిలోని కోశములను ఎండకును పక్షులకును వెలిగ్రక్కించిరి. ప్రత్తి చుట్టు ఆముదము విత్తి, దానిపై పొగాకు లద్దెపురుగు గుంపుగ పెట్టు గ్రుడ్ల ఆకులను త్రుంచి నలిపిరి. నడుమ నడుమ బంతి నాటి శనగపచ్చ పురుగును అటు మఱలించిరి. కంది, పెసర, అలసంద సాళ్లు వేసి మిత్రపురుగులకు నెలవు కల్పించిరి. పసుపు అట్టలకు జిగురు పూసి దోమను పట్టిరి. పక్షులు వ్రాలుటకు కొయ్యలు పాతిరి. అవసరమైనప్పుడు వేపగింజల కషాయమును చల్లిరి. అయిదు కిలోల వేపగింజల పప్పును పొడిచేసి, నీటిలో ఒక రాత్రి నానబెట్టి, వడగట్టి, నూరు లీటర్లకు పెంచి, కొంచెము సబ్బుపొడి కలిపిన అదియే వేపకషాయము.

ఇచ్చట ఒక సత్యమును దాచరాదు. ఆకు తిను పురుగులకును రసము పీల్చు దోమలకును ఈ పద్ధతులు చక్కగ పనిచేయును. గులాబిరంగు పురుగు మాత్రము కాయలో తలుపు మూసికొని యుండుటచే, ఒకసారి లోన జొచ్చినపిమ్మట దానికి కంపెనీ మందును తగులదు, వేపకషాయమును తగులదు. పునుకులనుండి మనము నేర్వవలసినది కషాయముల పాకము మాత్రమే కాదు; ఊరంతయు ఒక్క తీర్మానమున నిలుచుట. ఆ నిలుకడయే గులాబిరంగు పురుగునకు మందు.

గట్లు దాటిన పొత్తు

ఊరివారందఱు కలిసి ప్రత్తికి విరామకాలము నిచ్చుట క్రొత్త యూహ కాదు. మద్రాసు రాజధానిలో 1919లో పంటల చీడలను గూర్చిన చట్టము చేసి, దాని క్రింద కంబోడియా ప్రత్తి పండు జిల్లాలలో నిర్ణీతదినము లోపల పాత ప్రత్తిమోళ్ళను పెఱికి వేయవలెనని శాసించిరి. అనగా నూఱేండ్ల క్రిందటనే మన పెద్దలకు ఈ మర్మము తెలియును.

ఇంకొక చరిత్ర వినుడు. మనదేశపు ప్రత్తిగింజలలో నిద్రించుచు ఈ పురుగు ఇరువదవ శతాబ్దారంభమున ఈజిప్టునకు చేరెననియు, అచ్చటినుండి విత్తనములతో మెక్సికోకు పోయెననియు శాస్త్రజ్ఞుల నిర్ణయము. 1917లో అది అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున అడుగుపెట్టెను. నూఱేండ్లు అచ్చటి ప్రత్తిని పీడించెను. 2018 అక్టోబరులో అమెరికా ప్రభుత్వము తమ ప్రత్తిచేలలో ఈ పురుగు లేకుండ పోయినదని ప్రకటించెను. వారును బీటీ విత్తనమునే వాడిరి. అయినను మనకు చెడినది వారికేల చెడలేదు? ఆరిజోనా రైతులు చెప్పినంత భూమిలో సాధారణ ప్రత్తిని విత్తిరి. పంట కాగానే కట్టెను ముక్కలు చేసి దున్నిరి. తల్లిపురుగులు జతగూడకుండ ఆడుపురుగు వాసన నింపిన తాళ్ళను చేలలో కట్టిరి. సంతానశక్తి పోగొట్టిన రెక్కల పురుగులను విమానములనుండి కోట్లకొలది విడిచి, మిగిలిన వానికి సంతతి లేకుండ చేసిరి. సరిహద్దునకు ఆవల మెక్సికో రైతులతోను పొత్తు కుదుర్చుకొనిరి. ఖర్చులో రైతులును పాలు పంచుకొనిరి. వారి విత్తనము సంకరము కాకపోవుటయు వారికి కలిసివచ్చినమాట నిజమే. కాని విమానములు మనకు లేకున్నను, నాగలియు, కొడవలియు, ఒక్కమాటయు మనకును గలవు.

రైతులు చెప్పు అభ్యంతరములు

“డిసెంబరులో ప్రత్తి తీసివేసిన చివరి యేరుల సొమ్ము పోదా?” అని యడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. సంఘపు అప్పో, కౌలో, పెండ్లిఖర్చో నెత్తిమీద నున్నవానికి చివరి రెండు క్వింటాళ్ళును విలువగలవే. అయితే లెక్క వేసికొనుడు. ఆ కాలపు కాయ సరిగ విచ్చుకొనదు. దూది మచ్చలుపడి తూకము తగ్గును. కొనువాడు ధర కోయును. ఏరు కూలి మాత్రము తగ్గదు. అందులో మందుల ఖర్చును తీసివేసిన మిగులునదెంత? నీటివసతి గలవారు అదే భూమిలో జొన్న, మొక్కజొన్న, పెసర, నువ్వు, వేరుశనగలలో ఏదైన వేసికొనిన ఆ లోటు తీరును. వర్షాధారపు చేలు గలవారికి ఈ తోవ లేదు. వారికి తక్కువకాలపు విత్తనమే శరణ్యము.

ఈ విషయమున నాగపురములోని కేంద్రీయ ప్రత్తి పరిశోధనసంస్థ వారు చేసిన పని గమనింపదగినది. సాళ్ళ నడుమ 90 సెంటీమీటర్లు, మొక్కల నడుమ 60 సెంటీమీటర్లు విడిచిన ఎకరమునకు ఇంచుమించు ఏడున్నర వేల మొక్కలు పట్టును. అదే మొక్కల నడుమ 15 సెంటీమీటర్లే విడిచిన ముప్పది వేలవఱకు పట్టును. ఒక్కొక్క మొక్కకు కాయలు తక్కువైనను అవి యన్నియు ఇంచుమించు ఒక్కమారే పక్వమగుటచే, అయిదు మాసములలో పంట చేతికి వచ్చును. పురుగు తరములు బలియుటకు ముందే రైతు చేనినుండి బయటపడును. తేలికనేలలలో ఇది మేలు. దీనికి తగిన పొట్టి రకములే విత్తవలెను; కొమ్మలు బారుగ సాగెడి సంకరరకములను దగ్గరగ విత్తి నష్టపడకుడు.

“నేనొక్కడను ఆపిన నేమి ప్రయోజనము?” అనునది రెండవ అభ్యంతరము. నిజమే, ప్రయోజనము స్వల్పము. మీ చేను శుభ్రమైనను ప్రక్కచేనిలో మార్చివఱకు ప్రత్తి నిలిచిన, తల్లిపురుగు గట్టు చూచి ఆగదు. అందుచేతనే ఇది సంఘము చేయవలసిన పనియని మేము పదేపదే చెప్పుచున్నాము.

“కట్టె పొయ్యిలోనికి కావలెను గదా!” అనునది మూడవది. కట్టెను దాచుకొనుడు, కాయను దాచుకొనకుడు. మోపు కట్టకమునుపే కట్టెకు మిగిలిన కాయలను కోసి కాల్చివేయుడు. చేని ప్రక్కనే వామి వేయక దూరముగ పెట్టి, మృగశిరకార్తెకు లోపల వాడుకొనుడు. అంతకంటె మేలు, ట్రాక్టరు ష్రెడ్డరుతో ముక్కలు చేసి భూమిలో కలియదున్నుట. కాల్చిన బూడిద మిగులును. దున్నిన ఎరువు మిగులును.

సంవత్సరక్రమమున చేయవలసిన పనులు

1. వేసవిలో, ఏప్రిలు, మే మాసములయందు, లోతుదుక్కి దున్నుడు. చేని గట్లమీది తుత్తురుబెండ మొక్కలను పెఱికివేయుడు.

2. మంచి తడి పట్టినపిమ్మట, ఊరివారందఱు వీలైనంత ఒక్క పక్షము లోపల విత్తుడు. ముందు విత్తినవాని చేను పురుగునకు నర్సరీ. వెనుక విత్తినవాని చేను దానికి విందు.

3. చుట్టును సాధారణ ప్రత్తి గాని కంది గాని సాళ్లు తప్పక వేయుడు. సంచిలోనే సాధారణ విత్తనము కలిపియున్న వేరు పొట్లము రాదు. చీటీ చదివి తెలిసికొనుడు.

4. మొదటి రెండు మాసములు ఘాటైన మందులను చల్లకుడు. అప్పుడు చచ్చునవి మన మిత్రపురుగులే. దోమ మితిమీరిన వేపకషాయముతో మొదలిడుడు.

5. విత్తిన 45 దినములకు ఎకరమునకు రెండు చొప్పున లింగాకర్షక బుట్టలను, పైరుకంటె అడుగెత్తున కట్టుడు. ఉదయమున బుట్టలో చూడుడు. బుట్ట ఒక్కింటికి రాత్రికి ఎనిమిది రెక్కల పురుగుల చొప్పున మూడు రాత్రులు వరుసగ పడినచో, లేక నూరు పూలలో పది గుడ్డిపూలున్నచో, లేక చేను నలుమూలల కోసిన ఇరువది పచ్చికాయలలో రెంటిలో పురుగున్నచో, అప్పుడు మాత్రమే వ్యవసాయాధికారి సలహాతో మందు సంగతి ఆలోచింపుడు. కాయను చీల్చక మందు కొట్టుట నాడి చూడక చికిత్స చేయుట వంటిది.

6. గుడ్డిపూలను పిల్లలచేత గాక పెద్దలే యేరి నాశనము చేయుడు. మందు కొట్టిన చేనిలోనికి పిల్లలను పంపరాదు.

7. మచ్చప్రత్తిని మంచిప్రత్తిలో కలుపకుడు. ఇంటిలో నిలువయుంచక అమ్ముకొనుడు. జిన్నింగుమిల్లు దగ్గరి గ్రామముల వారు మిల్లు చుట్టు బుట్టలు కట్టించునట్లు యజమానులను కోరుడు.

8. డిసెంబరు కడపటికి, మించిన జనవరి మొదటి వారమునకు పంట ముగింపుడు. మందు చల్లి చాలకాలమైన చేనిలో గొఱ్ఱెలను, మేకలను తోలిన మిగిలిన పచ్చికాయలను అవియే చక్కబెట్టును. ఆపై మోళ్ళు తీయుడు. మరల జూనువఱకు ఊరి పొలిమేరలో పచ్చని ప్రత్తిమొక్క యుండరాదు.

సంఘముల బాధ్యత

ఇక మా ఇంటి మాటయు చెప్పుట న్యాయము. సహకారసంఘములు పురుగుమందుల నమ్మి కొంత లాభము గడించుచున్న మాట దాచనేల? కాని ఆ లాభము సభ్యుని అప్పులోనుండి వచ్చినదే. నాలుగు డబ్బాలు తక్కువ అమ్మి, సభ్యుడు వాయిదా తప్పక చెల్లించినచో సంఘమునకు కలుగు మేలు ఆ లాభమునకు పదింతలు. కావున ప్రతి సంఘమును ఈ క్రింది వానిని తీర్మానమునకు తేవలెనని కోరుచున్నాము: బుట్టలను, వాని ఎరలను టోకుగ కొని సభ్యుల కిచ్చుట, సంఘపు గోడమీద పలక నుంచి, ప్రతి సోమవారమును ఏ దిక్కు చేలలో ఎన్ని పురుగులు పడినవో వ్రాయుట, ఒక ష్రెడ్డరును అద్దెకు నిలుపుట, డిసెంబరులో ప్రత్తి ముగించిన సభ్యునకు రెండవ పంట విత్తనమునకు ముందుగ అప్పిచ్చుట, కౌలురైతును ఈ యేర్పాటులనుండి వెలివేయకుండుట. కౌలురైతు చేనిలోని పురుగునకు పట్టాదారు పాసుపుస్తకము తెలియదు.

తెలంగాణములో నలువది లక్షల ఎకరములకు పైబడి ప్రత్తి పండుచున్నది. అంత భూమిని ఒక్కనాట మార్చుట ఎవరి తరమును గాదు. కాని ఒక్క పొలిమేర లోపలి చేలను ఒక్కటిగ నడపుట ఏ సంఘమునకైనను సాధ్యమే. పునుకులలో కొలదిమందితోనే ఆరంభమయ్యెను.

మలక్‌పేట గంజిలో మమ్ము ప్రశ్నించిన పెద్దమనిషికి ఆనాడు మేమిచ్చిన ప్రత్యుత్తరమును ఇదియే. ఆయన కొంతసేపు ఊరకుండి, “మందయిన నేనొక్కడనే కొనవచ్చును. ఇది ఊరందరిని అడుగవలె గదా!” అనిరి. అవును, అడుగవలెను. అడుగుటకు తగిన తావు సంఘపు సర్వసభ్యసమావేశము. రాబోవు సమావేశమునకు మీ చేనిలోని కాయలు నాలుగు కోసికొనిరండు. అందఱ యెదుటను చీల్చి చూతము. పిమ్మట తీర్మానము వ్రాసికొందము.